లారీ ఇంజనుకు చల్లదనమే మందా?

బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం (గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు)

మన వార్షిక సంచికలో ఏటా సాహిత్యం మీద, నిరుద్యోగం మీద, వరకట్నం మీద మంచి మంచి వ్యాసాలు వస్తుంటాయి. వాటి నడుమ పాత లారీల రేడియేటర్ల గురించి రాస్తానంటే మిత్రులు కొందరు నవ్వారు. “నువ్వు డిగ్రీ చదువుతున్నావా, షెడ్డులో పనికి చేరావా?” అన్నారు. నిజానికి నేను చెప్పదలచుకున్నది ఆ ప్రశ్నలోనే ఉంది. డిగ్రీకీ షెడ్డుకూ మధ్య గోడ ఎవరు కట్టారో గానీ, దానికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం పండు పండించే రైతూ, బండి నడిపే డ్రైవరూను.

విషయం సూటిగా చెబుతాను. ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత మంచిది అనే నమ్మకం మన రోడ్ల మీద పాతుకుపోయి ఉంది. ఆ నమ్మకంతోనే పాత లారీల్లో థర్మోస్టాట్ వాల్వు అనే చిన్న భాగాన్ని పీకి పారేస్తున్నారు. దొరికిన బోరునీళ్లు రేడియేటర్లో పోస్తున్నారు. ఈ రెండు పనులూ ఇంజనును కాపాడడం లేదు. మెల్లమెల్లగా చంపుతున్నాయి. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, మనం ఇంటర్మీడియట్లో మార్కుల కోసం బట్టీపట్టిన పాఠమే.

మాది చిత్తూరు జిల్లాలో మామిడి తోటల మీద బతికే ఊరు. తోతాపురి కాయ ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది, బేనీషా మాత్రం తినే పండు గనుక బెంగుళూరు మార్కెట్టుకు పంపుతాము. 2023 మే నెలలో మా కాయ, పక్క చేను వాళ్ల కాయ కలిపి ఒక పాత లారీకి లోడు చేశాము. బాడుగ తక్కువని ఆ బండి మాట్లాడారు. కాయతోపాటు నేనూ క్యాబిన్లో ఎక్కాను. బంగారుపాళెం దాటి మొగిలి కనుమ ఎక్కడం మొదలుపెట్టాక ఆ లారీ నాలుగుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ బోనెట్టు సందుల్లోంచి పొగలాగా ఆవిరి, క్లీనరు డబ్బా పట్టుకుని పరుగు. మూడోసారి ఆగినప్పుడు ఆ అబ్బాయి, నా ఈడువాడే, గోనెపట్టా వేసి మూత తిప్పాడు. మూత ఎగిరింది. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ఊడివచ్చింది. అతన్ని పలమనేరులో ఆస్పత్రికి తీసుకుపోయి, బండిని చల్లార్చుకుని, మేము మార్కెట్టు చేరేసరికి పొద్దుటి వేలం అయిపోయింది. మధ్యాహ్నం మిగిలిన వ్యాపారులు అడిగిన రేటుకు ఇచ్చి రావలసి వచ్చింది. ఎంతకు ఇచ్చామో ఇక్కడ రాయను, ఇంట్లో నాయన ఇప్పటికీ ఆ మాట ఎత్తనివ్వడు.

దారిలో డ్రైవరన్నను అడిగాను, “అన్నా, థర్మోస్టాట్ సరిగా ఉందా?” అని. “వాల్వా? అది ఎప్పుడో పీకి పారేసినాం నాయనా. అది ఉంటే బండి కాగతాది” అన్నాడు. ఆయనకు పాతికేళ్ల సర్వీసు. మాట చాలా నమ్మకంగా చెప్పాడు. మరి అది లేకుండా కూడా బండి కాగుతూనే ఉంది కదా అన్న ప్రశ్న నా నోటిదాకా వచ్చింది గానీ, ఆ పూట అడిగే సందర్భం కాదు.

అసలు ఇంజనులో వేడి ఎక్కడికి పోతుంది? మనం పోసే డీజిల్లో ఉండే శక్తిలో ఉజ్జాయింపుగా మూడో వంతు మాత్రమే చక్రాలను తిప్పే పనిగా మారుతుంది. మరో మూడో వంతు సైలెన్సరు గొట్టం గుండా పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం సిలిండర్ల చుట్టూ తిరిగే నీళ్లకు ఎక్కుతుంది. రుడాల్ఫ్ డీజిల్ మహాశయుడు తన ఇంజనుకు నీళ్ల తొడుగే అక్కరలేదని మొదట్లో భావించాడు. వేడి వృథాగా ఎందుకు పోవాలన్నది ఆయన ఆశ. ప్రయోగాల్లో అది కుదరలేదు, నీళ్లు పెట్టక తప్పలేదు. అంటే రేడియేటరు అనేది ఇంజను కనిపెట్టినవాడు కూడా ఇష్టం లేకుండా ఒప్పుకున్న ఖర్చు! 1901లో విల్‌హెల్మ్ మేబాక్ మెర్సిడెస్ కారుకు ఎనిమిది వేల పైచిలుకు సన్నటి గొట్టాలతో తేనెతుట్టె లాంటి రేడియేటరు తయారుచేశాడు. ఈనాటి లారీ ముందు భాగంలో కనిపించే జల్లెడ లాంటి అమరిక దాని వారసుడే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాము. నిండు లోడుతో కనుమ ఎక్కే లారీ ఇంజను నీళ్లకు సెకనుకు 60 కిలోజౌళ్ల వేడి ఇస్తున్నదనుకుందాం. నీళ్లు 20 లీటర్లు, ఇనుము 400 కిలోలు అనుకుందాం. నీటి విశిష్టోష్ణం కిలోకు 4.2, పోత ఇనుముది సుమారు 0.46. రెండూ కలిపి ఒక్క డిగ్రీ పెరగడానికి సుమారు 270 కిలోజౌళ్లు చాలు. ఫ్యాన్ బెల్టు తెగి చల్లార్చడం ఆగిపోయిందంటే, 85 డిగ్రీల నుంచి మరిగే స్థితికి చేరడానికి పట్టే కాలం ఎంత? సుమారు ఒక నిమిషం! డ్రైవరు బీడీ వెలిగించి ఆర్పేంత వ్యవధి కూడా లేదు. అందుకే వేడి మీటరు ముల్లు పనిచేయని బండి ఘాటు ఎక్కకూడదంటాను. పాత లారీల్లో ఆ ముల్లు ఎప్పుడూ ఒకే చోట నిద్రపోతూ ఉంటుంది, దాన్ని బాగుచేయించాలని ఎవరికీ తోచదు. ముల్లు చూసే అలవాటు పోయి, వాసన చూసి తెలుసుకునే అలవాటు వచ్చింది. వాసన వచ్చేసరికి హెడ్డు గాస్కెట్ పోయి ఉంటుంది.

ఇంకో లెక్క. అదే 60 కిలోజౌళ్లూ నీళ్లను ఆవిరి చేయడానికే పోతే నిమిషానికి సుమారు 1.6 లీటర్లు ఆవిరవుతాయి. పది నిమిషాలకు ఒక బకెట్టు. క్లీనరు కుర్రాడి వీపు వంగేది ఈ బకెట్ల కిందనే.

ఇక థర్మోస్టాట్ సంగతి. ఇది ఒక చిన్న ఇత్తడి బుడ్డి, అందులో ఒక రకం మైనం ఉంటుంది. నీళ్లు వేడెక్కినప్పుడు మైనం కరిగి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించి ఒక కడ్డీని నెడుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. చాలా డీజిల్ ఇంజన్లలో 75 నుంచి 85 డిగ్రీల మధ్య ఎక్కడో ఇది తెరుచుకోవడం మొదలై, మరో పది పన్నెండు డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. అప్పటిదాకా నీళ్లను రేడియేటరుకు పోనివ్వకుండా పక్కదారిలో ఇంజను లోపలే తిప్పుతుంది. కరెంటు లేదు, తీగలు లేవు. పదార్థాల వ్యాకోచం అన్న పాఠానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించలేదు. రైలు పట్టాల మధ్య ఖాళీ గురించి మాత్రం ప్రతి తరగతిలోనూ చెబుతారు!

దీన్ని పీకి పారేసే మేస్త్రీలను మూర్ఖులనడం నాకు ఇష్టం లేదు. వాళ్ల వైపు న్యాయం ఉంది. ఈ వాల్వు చెడిపోయినప్పుడు కొన్నిసార్లు మూసుకుపోయిన స్థితిలోనే బిగుసుకుపోతుంది. అప్పుడు నీళ్లు రేడియేటరుకు పోవు, ఇంజను కాగుతుంది. అర్ధరాత్రి రోడ్డు పక్కన, బండిలో సరుకు కుళ్లుతూ ఉండగా, కొత్త వాల్వు దొరకని చోట, దాన్ని తీసేసి బండిని కదిలించడం తెలివైన పనే. నేనైనా అదే చేస్తాను. తప్పంతా ఎక్కడుందంటే, ఆ రాత్రికి చేసిన పని ఆ తర్వాత పదేళ్లు అలాగే ఉండిపోవడంలో ఉంది. ఒక షెడ్డులో ఒక రాత్రి పుట్టిన ఉపాయం, శిష్యుల చేతికి శాస్త్రమైపోయింది. ఇప్పుడు కొత్తగా పని నేర్చుకునే కుర్రవాడికి “ముందు ఆ వాల్వు పీకెయ్యి” అనేదే మొదటి పాఠం.

సరే, తీసేస్తే ఏమవుతుంది? ఇక్కడ రెండు రకాల నష్టం ఉంది, రెండూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి గనుక చదువరులు కొంచెం ఓపిక పట్టాలి.

మొదటిది, ఘాటు మీద ఇంజను ఇంకా ఎక్కువ కాగవచ్చు. షెడ్డుల్లో దీనికి ఒక వివరణ చెబుతారు: వాల్వు లేకపోతే నీళ్లు రేడియేటరులో మరీ వేగంగా పరుగెత్తుతాయి, చల్లారడానికి వాటికి టైము చాలదు అని. విన్నప్పుడు నిజమే అనిపిస్తుంది. కానీ అది తప్పు. నీళ్లు వేగంగా తిరిగితే రేడియేటరు ఎక్కువ వేడినే వదులుతుంది, ఎందుకంటే గొట్టాల పొడుగునా నీళ్లు వేడిగానే ఉంటాయి, పైగా ఒకే నీళ్లు మళ్లీ మళ్లీ అక్కడికి వస్తుంటాయి. అసలు కారణం పక్కదారి. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు అదే పక్కదారిని మూసేస్తుంది. దాన్ని తీసేస్తే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సులువైన దారి కనుక నీళ్లలో ఒక వంతు రేడియేటరు ముఖం చూడకుండానే తిరిగి ఇంజనులోకి పోతుంది. కాలువకు గండి పడితే చివరి మడికి నీళ్లు చేరవు. ఇది రైతుబిడ్డలెవరికైనా చెప్పనక్కరలేదు.

రెండోది, చదును రోడ్డు మీద, చలికాలం రాత్రుళ్లలో, ఖాళీ బండి పోయేటప్పుడు ఇంజను మరీ చల్లగా నడుస్తుంది. చల్లగా నడిస్తే మంచిదే కదా అంటారు. కాదు. సాధారణంగా వాడే 15 డబ్ల్యు 40 రకం ఇంజనాయిలు 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే 40 డిగ్రీల దగ్గర ఏడెనిమిది రెట్లు చిక్కగా ఉంటుంది. చిక్కటి ఆయిలును తోయడానికే డీజిల్ ఖర్చవుతుంది. సిలిండరు గోడలు చల్లగా ఉంటే డీజిల్ పూర్తిగా కాలదు, కాలని డీజిల్ గోడల వెంట జారి ఆయిలును కడిగేస్తుంది. లైనర్లూ రింగులూ అరిగిపోయేది అక్కడే. మరో సంగతి, కిలో డీజిల్ కాలితే కిలోకు పైగానే నీరు పుడుతుంది, ఇది హైడ్రోజను లెక్క, కాగితం మీద ఎవరైనా చేసి చూసుకోవచ్చు. వేడి ఇంజనులో ఆ నీరంతా ఆవిరిగా బయటికి పోతుంది. చల్లటి ఇంజనులో కొంత లోపలే చెమర్చి ఆయిలులో కలుస్తుంది. ఆయిలు మూత తీస్తే లోపల మజ్జిగ మీగడలాగా కనిపించేది అదే. ఇదివరకు డీజిల్లో గంధకం ఎక్కువగా ఉన్నప్పుడు ఈ చెమ్మతో కలిసి ఆమ్లం కూడా తయారయ్యేది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ప్రమాణం వచ్చి గంధకం పది లక్షల భాగాల్లో 10 భాగాలకు తగ్గింది గనుక ఆ బాధ మటుకు చాలా తగ్గిందనే చెప్పాలి.

కాబట్టి ఇంజనుకు కావలసింది చల్లదనం కాదు, సరైన వేడి. మనిషి ఒంటికి 37 డిగ్రీల లాగానే దానికీ ఒక లెక్క ఉంది. జ్వరం వస్తే ప్రమాదం, ఒళ్లు చల్లబడినా ప్రమాదమే.

ఈ మాట మా ఊళ్లో పాతతరం రైతులకు తెలియనిది కాదు. మా తాత కాలంలో బావి మీద ఆయిలింజను ఉండేదట. దానికి రేడియేటరు లేదు, బావి నీళ్లే కొంత సన్నటి గొట్టం ద్వారా ఇంజను చుట్టూ తిరిగి మళ్లీ కాలువలో పడేవి. తాత ఆ పడే నీళ్ల కింద చెయ్యి పెట్టి చూసి, మరీ చల్లగా వస్తుంటే గొట్టం మీది తిరుగుడు బిగించేవాడని, చెయ్యి చురుక్కుమంటే కొంచెం వదిలేవాడని మా నాయన చెబుతాడు. “నీళ్లు చల్లగా వస్తే ఇంజను నూనె తాగుతుంది” అనేవాడట. ఆయన బడికి పోయినవాడు కాదు. థర్మోస్టాట్ చేసే పని ఆయన అరచేయి చేసింది. అది మరి మన లారీ షెడ్డుల దాకా ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. బహుశా లారీలో నీళ్లు కంటికి కనబడకుండా మూతపెట్టి ఉండడమే కారణమేమో.

ఇక అన్నిటికంటే పెద్ద సమస్య, నీళ్లు. నా దృష్టిలో పాత లారీలకు అసలు శత్రువు ఇదే.

మా ప్రాంతంలో చెరువులు ఎండి బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లు గట్టిపడ్డాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. అనంతపురం వాళ్లకూ, ప్రకాశం వాళ్లకూ, నల్లగొండ వాళ్లకూ ఈ పెచ్చు సంగతి వేరే చెప్పనక్కరలేదు. నీటి తాత్కాలిక కాఠిన్యం గురించి మనందరం పరీక్షలో రాసినవాళ్లమే. కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్ అడుగున చేరును, అని రాసి నాలుగు మార్కులు తెచ్చుకున్నాము. ఆ సమీకరణం గాజు బీకరులో జరిగితే రసాయన శాస్త్రం. లారీ సిలిండరు చుట్టూ జరిగితే ఒక కుటుంబం అప్పు.

అదెట్లాగో చూడండి. లీటరు నీళ్లలో 400 మిల్లీగ్రాముల తాత్కాలిక కాఠిన్యం ఉందనుకుందాం. తాగేనీటికి మన దేశ ప్రమాణం మొత్తం కాఠిన్యం 200 ఉంటే మేలని, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చని చెబుతుంది గనుక, ఇదేమీ విపరీతమైన అంకె కాదు. కారుతున్న పాత బండికి రోజుకు 10 లీటర్లు పోస్తారనుకుంటే రోజుకు 4 గ్రాములు, ఏడాదిలో 300 రోజులు తిరిగితే 1 కిలో 200 గ్రాములు! కిలోకు పైగా సున్నపురాయిని మనమే ఏరికోరి ఇంజను నరాల్లోకి ఎక్కిస్తున్నామన్నమాట. మొదటిసారి నింపిన నీళ్ల కంటే, ఆ తర్వాత రోజూ కలిపే నీళ్లతోనే హాని ఎక్కువ. పోయేది ఆవిరి, ఉప్పులన్నీ లోపలే ఉండిపోతాయి. మళ్లీ పోస్తే మళ్లీ చేరతాయి.

ఈ పెచ్చు వేడిని ఎంత బాగా అడ్డుకుంటుందంటే, ఒక మిల్లీమీటరు పెచ్చు రెండు మూడు సెంటీమీటర్ల మందం పోత ఇనుముతో సమానం, కొన్ని రకాల పెచ్చు అయితే అంతకంటే ఎక్కువే. అది కూడా అన్నిటికంటే వేడిగా ఉండే చోటే, అంటే సిలిండరు హెడ్డు దగ్గరే మందంగా కడుతుంది. అప్పుడు మీటరు ముల్లు బాగానే చూపిస్తూ ఉండగానే లోపల ఇనుము మాత్రం కాగిపోతూ ఉంటుంది. హెడ్డు వంకర పోతుంది, గాస్కెట్ ఊడుతుంది, ఆయిల్లో నీళ్లు కలుస్తాయి. మళ్లీ బోరింగు, మళ్లీ లైనర్లు, మళ్లీ వడ్డీకి డబ్బు.

పాపం రేడియేటరు ముందరి జల్లెడ కూడా ఊరికే ఉండదు. వరి ఊక, వేరుశనగ పొట్టు, ఎర్రమట్టి, పురుగులు అందులో ఇరుక్కుంటాయి. కొందరు గట్టి పంపుతో కడిగి ఆ సన్నటి రేకులను వంచేస్తారు. ఫ్యాన్ చుట్టూ ఉండవలసిన రేకు తొడుగు పాత బండ్లలో చాలావాటికి కనబడదు. ఒకసారి విప్పితే మళ్లీ బిగించరు. అది లేకపోతే ఫ్యాన్ లాగే గాలి జల్లెడ గుండా రాకుండా పక్కల నుంచి వచ్చేస్తుంది. ఘాటు మీద బండి నడకంత వేగంతో పోయేటప్పుడు ఎదురుగాలి ఉండదు, ఉన్న దిక్కల్లా ఆ ఫ్యానే.

మరి కూలెంటు పోయవచ్చు కదా అంటే, “మన దగ్గర మంచు పడతుందా ఏంది, దానికి డబ్బు దండగ” అంటారు. ఇందులో సగం నిజముంది. ఆకుపచ్చ నీళ్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ ముఖ్యంగా గడ్డకట్టకుండా ఉండడానికే. సగానికి సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, చిత్తూరులో అది మనకెందుకు? పైగా వేడిని మోసే శక్తిలో గ్లైకాల్ కలిసిన నీరు మామూలు నీటికంటే తక్కువే. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. కానీ అందులో తుప్పు పట్టకుండా ఆపే మందులు కొద్దిగా కలుపుతారు, మనకు కావలసింది అవి. నీళ్లకు నేరుగా తగిలే లైనర్లున్న డీజిల్ ఇంజన్లలో పిస్టను కొట్టుడుకు లైనరు అదురుతుంది, దాని వెనుక నీళ్లలో సన్నటి బుడగలు పుట్టి పగులుతూ ఉంటాయి, ఆ దెబ్బలకు ఇనుములో సూదిమొన లాంటి గుంటలు పడి చివరికి చిల్లులైపోతాయి. ఆ మందులు ఒక పొరలాగా ఏర్పడి దీన్ని బాగా తగ్గిస్తాయి. ఆ ఖర్చు కూడా భరించలేని వాళ్లు కనీసం ఊళ్లో అమ్మే ఇరవై లీటర్ల క్యాను నీళ్లో, పట్టిపెట్టుకున్న వాననీళ్లో పోస్తే పెచ్చు బాధ తప్పుతుంది. మనుషులకు క్యాను నీళ్లు, ఇంజనుకు బోరునీళ్లు అన్న తేడా ఎందుకు?

మూత సంగతి చెప్పకుండా ముగించలేను. రేడియేటరు మూతకు స్ప్రింగు ఉండేది లోపల ఒత్తిడి నిలపడానికి. చదరపు సెంటీమీటరుకు అర కిలో ఒత్తిడి ఎక్కువుంటే నీళ్లు 110 డిగ్రీల దాకా మరగవు. ఇది పలమనేరు, మదనపల్లె లాంటి ఎత్తు ప్రాంతాల వాళ్లకు మరీ అవసరం, సుమారు 700 మీటర్ల ఎత్తులో మామూలు నీళ్లు 98 డిగ్రీల లోపే మరుగుతాయి. స్ప్రింగు పోయిన మూతకు గుడ్డపేలిక చుట్టి బిగించిన బండ్లను చూశాను. ఆ బండి కాగిందంటే ఆశ్చర్యం ఏముంది? అయితే మూత మంచిదైనప్పుడు ఇంకో ప్రమాదం. లోపల 110 డిగ్రీల నీళ్లు 20 లీటర్లున్నాయి, మూత ఒక్కసారిగా తీశారు. ఒత్తిడి పోగానే ఆ నీళ్లలో సుమారు అర కిలో కన్నుమూసి తెరిచేలోగా ఆవిరి అవుతుంది. అర కిలోయే కదా అనుకోకండి, ఆ ఆవిరి ఏడెనిమిది వందల లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మన ఊళ్లో నీళ్లు పట్టుకునే పెద్ద డ్రమ్ములు నాలుగు. నాలుగు డ్రమ్ముల ఆవిరి రెండంగుళాల నోటి గుండా, క్లీనరు కుర్రాడి చేతి మీదుగా రావాలి. బండి ఆపాక అరగంట ఆగితే ఈ గండం తప్పుతుంది. ఆ అరగంట ఆగనివ్వనిది మార్కెట్టు టైము, ఓనరు ఫోను. అందుకని ఆ కుర్రాడిదే తప్పనడానికి నాకు నోరు రాదు. అలాగే కాగిన ఇంజనులో చల్లటి నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగులుతుందని తెలిసి కూడా గుమ్మరించేది ఆ తొందరకే.

“ఇదంతా ఎందుకు, పాత బండ్లను తుక్కుకు వేస్తే సరిపోతుంది గదా” అనే పెద్దలున్నారు. 2021లో కేంద్రం పాత వాహనాల తుక్కు విధానం ప్రకటించింది కూడా. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు డ్రైవరు క్యాబిన్లో ఏ.సి. తప్పనిసరి చేశారు. మంచిదే, సంతోషించాలి. కానీ పాత లారీ డ్రైవరు మోకాలి పక్కనే ఇంజను డబ్బా ఉంటుంది, మే నెలలో ఆ క్యాబిన్ ఎట్లా ఉంటుందో ఆ రోజు నేను ఎనిమిది గంటలు కూర్చుని చూశాను. ఒకే బండి మీద బతికే చిన్న ఓనరు కొత్తది కొనలేడు. సన్నకారు రైతు కొత్త బండి బాడుగ ఇవ్వలేడు. కాబట్టి ఈ పాత లారీలు ఇంకా చాలా ఏళ్లు మన పంటను మోస్తూనే ఉంటాయి. వాటిని చిన్నచూపు చూసి లాభం లేదు.

అధ్యాపకులకు, యూనియన్ మిత్రులకు నా మనవి ఒకటుంది. రసాయన శాస్త్ర ప్రయోగశాలలో మనం ఇ.డి.టి.ఎ. ద్రావణంతో నీటి కాఠిన్యం కనుక్కునే ప్రయోగం చేస్తాము. ద్రాక్షపండు రంగు నీలంగా మారేదాకా బొట్టు బొట్టుగా వదిలి, లెక్క వేసి, రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటాము. ఆ నమూనా నీళ్లు ల్యాబు అటెండరు గారే కలిపి ఇస్తారు, జవాబు సీనియర్ల రికార్డులో ముందే ఉంటుంది. దాని బదులు నిజమైన నీళ్లు పరీక్షిస్తే ఏం పోయింది? ఊరికి పోయి వచ్చే ప్రతి విద్యార్థీ, విద్యార్థినీ తమ ఊళ్లో లారీలు, ట్రాక్టర్లు నీళ్లు పట్టే బోరు నుంచి ఒక సీసా తెస్తే, ఒక సెమిస్టరు ప్రయోగాల్లోనే మన చుట్టుపక్కల మండలాల నీళ్ల సంగతి తెలిసిపోతుంది. ఏ బోరు నీళ్లు రేడియేటరుకు పనికివస్తాయో, ఏవి రావో ఒక అట్టమీద తెలుగులో రాసి లారీ స్టాండులో తగిలించవచ్చు. ఇందుకు గ్రాంటు అక్కరలేదు, మనకు ఉన్న బ్యూరెట్లు చాలు. మా తరగతిలో పదిమందిమి ఇప్పటికే ఒప్పుకున్నాము. మా లెక్చరరు గారు కూడా వద్దనలేదు, “ముందు రికార్డు పూర్తి చెయ్యండి” అన్నారు.

నమూనా తేదలచినవారు లీటరు సీసాను శుభ్రంగా కడిగి, అదే బోరు నీళ్లతో రెండుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నిండా పట్టాలి. ఊరి పేరు, బోరు లోతు, పట్టిన తేదీ రాసిన చీటీ అంటించి, మరుసటి రోజు సాయంత్రం లోపల ల్యాబులో ఇవ్వాలి. శీతలపానీయాల సీసాలు అయితే వాసన పోయేదాకా కడగండి.